కుదుపు లేని కెమెరా: బ్లెండర్‌లో ఫ్లాట్ వాక్‌త్రూ షాట్ ఎలా చేయాలి

"ఇల్లంతా బాగా మోడల్ చేశాను, లైటింగ్ కూడా కుదిరింది. కెమెరా మాత్రం జర్కులు కొడుతోంది, ఏం చేయాలి?" వారానికి రెండు మూడుసార్లు ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్ళలో ఎక్కువ మంది అమీర్‌పేటలో త్రీడీ కోర్సు చేసి, కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో బిల్డర్లకు వాక్‌త్రూలు (ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టుండే వీడియోలు) చేసిపెడుతున్నవాళ్ళే. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను.

నేను చేసిన మొదటి వాక్‌త్రూ కథ చెబితే సమస్య ఎక్కడుందో మీకే తెలుస్తుంది. పన్నెండు సెకన్ల షాట్‌కి కెమెరా మీద 31 కీఫ్రేములు (ఈ ఫ్రేములో కెమెరా ఇక్కడుండాలి అని చెప్పే గుర్తులు, పొట్టిగా కీలు) పెట్టాను. ఎక్కడ తేడా అనిపిస్తే అక్కడ ఇంకో కీ కొడుతూ పోయాను. బిల్డర్ ఆఫీసులో పెద్దాయన చూసి, "బాబూ, ఇల్లు బాగుంది గానీ ఆటోలో కూర్చుని చూసినట్టుంది" అన్నారు. ఆ రాత్రి 31 కీలూ తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి మిగిలినవి నాలుగు: కెమెరా నడకకు రెండు, చూపుకు రెండు. ఇప్పటికీ అదే పద్ధతి. కెమెరా ఎక్కడ నడుస్తుంది, ఎటు చూస్తుంది, ఎంత వేగంతో వెళుతుంది అనే మూడు పనుల్ని మూడు చోట్ల పెట్టాలి. మూడూ ఒకే కెమెరా కీల మీద వేస్తే ఒకటి సరిచేయబోతే ఇంకోటి చెడుతుంది.

ఉదాహరణకు ఒక 3బీహెచ్‌కే తీసుకుందాం. మెయిన్ డోర్ దగ్గర మొదలై, హాల్లోకి వచ్చి, కుడివైపు తిరిగి బాల్కనీ ముందు ఆగే షాట్. నడక దూరం సుమారు 8 మీటర్లు, నిడివి 12 సెకన్లు.

కావలసినవి

- బ్లెండర్. 3 తర్వాతి ఏ వెర్షన్ అయినా పర్వాలేదు. మెనూల్లో పేర్లు కొద్దిగా అటూ ఇటూ మారి ఉండొచ్చు.
- అసలు కొలతల్లో ఉన్న సీన్. తలుపు 2.1 మీటర్ల ఎత్తుండాలి. సీన్ పదింతలు పెద్దగా ఉంటే కింద చెప్పే వేగం లెక్కలేవీ పనిచేయవు.
- మధ్యలో చక్రం ఉన్న మౌస్. ల్యాప్‌టాప్‌కి నంబర్ ప్యాడ్ లేకపోతే ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద ఎమ్యులేట్ నంప్యాడ్ టిక్ పెట్టుకోండి.
- ఒక కాగితం, పెన్సిల్. నవ్వకండి, మొదటి పని దాంతోనే.

1. కాగితం మీద దారి గీయండి

ఫ్లోర్ ప్లాన్ గీసి, కెమెరా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒక్క గీతలో చూపించండి. గీత వంకర్లు తిరిగి సోఫా చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే అది ఒక షాట్ కాదు, మూడు షాట్లు. బిల్డర్ "పూజ గది కూడా చూపించాలి, తూర్పు ముఖం కనపడాలి" అంటారు. దానికి వేరే షాట్ పెడతానని చెప్పండి, వింటారు.

వీలైతే మీ ఇంట్లోనే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని 8 మీటర్లు నడిచి చూడండి. మామూలు నడకకు ఆరేడు సెకన్లు పడుతుంది. తెర మీద ఆ వేగం పరుగులా కనిపిస్తుంది. ఇంటి లోపలి షాట్‌కి సెకనుకు 60 నుంచి 80 సెంటీమీటర్లు సరిపోతుంది. మన 12 సెకన్లు అలా వచ్చినవే.

2. ఫ్రేమ్ రేట్ ముందే తేల్చుకోండి

అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో) 24, ఎండ్ ఫ్రేమ్ 288. అంటే 12 సెకన్లు. క్లయింట్ 25 గానీ 30 గానీ అడుగుతారేమో ఇప్పుడే కనుక్కోండి. కీలన్నీ పెట్టాక ఫ్రేమ్ రేట్ మారిస్తే కీలు ఉన్నచోటే ఉంటాయి, వేగం మాత్రం మారిపోతుంది.

3. లెన్స్ కూడా ఇప్పుడే

బ్లెండర్‌లో కొత్త కెమెరా 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో వస్తుంది. ఇంటి లోపల దాంతో గది సగం కూడా పట్టదు. 20 నుంచి 24 మధ్య పెట్టండి. 18 కన్నా కిందికి వెళితే అంచుల్లో ఫ్రిజ్ సాగి బీరువాలా అవుతుంది. లెన్స్‌కీ జర్కుకీ ఏం సంబంధం అనుకోకండి. చాలా ఉంది, 6వ స్టెప్పులో చెబుతాను. నడక మధ్యలో మాత్రం లెన్స్‌ని యానిమేట్ చేయొద్దు.

4. దారి వేయండి

షిఫ్ట్ ఏ కొట్టి కర్వ్‌లో బెజియర్ (వంపు గీత) తీసుకోండి. నంప్యాడ్ 7తో పైనుంచి చూస్తూ, ట్యాబ్ కొట్టి ఎడిట్ మోడ్‌లో మొదటి పాయింటును తలుపు దగ్గర, రెండోదాన్ని హాల్లో మలుపు దగ్గర పెట్టండి. దాన్ని ఎంచుకుని 'ఈ' కొడితే మూడో పాయింటు వస్తుంది, అది బాల్కనీ ముందు. మూడు పాయింట్లు చాలు, నాలుగు ఎక్కువ. పాయింట్లన్నీ ఎంచుకుని 'వీ' కొట్టి ఆటోమేటిక్ హ్యాండిల్స్ (పాయింటుకు రెండు వైపులా ఉండి వంపును దిద్దే పిడులు) పెట్టండి.

దారి ఎత్తు ఒకేలా ఉండాలి. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని ఎస్, జెడ్, 0 కొట్టండి. బయటికి వచ్చి కర్వ్‌ని నేల నుంచి 1.4 లేదా 1.5 మీటర్ల ఎత్తుకు లేపండి. తర్వాత కంట్రోల్ ఏ కొట్టి స్కేల్ అప్లై చేయండి. ఇది చాలామంది మర్చిపోతారు.

కర్వ్ ప్రాపర్టీస్‌లో షేప్ కింద రిజల్యూషన్ ప్రివ్యూ యూ అని ఉంటుంది. మొదట్లో 12 ఉంటుంది, 64 చేయండి. పొడవైన దారిలో 12 చాలక మలుపు సన్నటి మెట్లు మెట్లుగా వస్తుంది. కీలన్నీ సరిగ్గా ఉన్నా మలుపు దగ్గర వణుకుతోందంటే ముందు ఇదే చూడండి.

జాగ్రత్త: మలుపు మరీ బిగుతుగా ఉండకూడదు. మూల దగ్గర కెమెరా గోడకు అర మీటరు దూరం కూడా లేకపోతే గోడ తెర మీద దూసుకుపోతుంది.

(దారి గీత రెండర్‌లో కనిపిస్తుందేమోనని కొందరికి టెన్షన్. కనిపించదు.)

5. కెమెరాను దారి మీదికి ఎక్కించండి

కెమెరాను ఎంచుకుని ఆల్ట్ జీ, ఆల్ట్ ఆర్ కొట్టండి. లొకేషన్, రొటేషన్ సున్నా అవుతాయి. ఇది వదిలేస్తే కెమెరా దారికి పక్కన ఎక్కడో గాల్లో నడుస్తుంది. "ఫాలో పాత్ పెట్టాను గానీ కెమెరా పక్కింట్లో ఉంది" అని మెసేజ్ వచ్చిన ప్రతిసారీ కారణం ఇదే.

ఇప్పుడు కన్‌స్ట్రెయింట్స్‌లో (ఒక వస్తువు కదలికను ఇంకోదానికి కట్టేసే నియమాలు) ఫాలో పాత్ పెట్టి, టార్గెట్‌గా కర్వ్‌ని ఇవ్వండి. ఫిక్స్‌డ్ పొజిషన్‌కి టిక్ పెట్టండి. ఆఫ్‌సెట్ ఫ్యాక్టర్ అనే స్లైడర్ వస్తుంది: 0 అంటే దారి మొదలు, 1 అంటే చివర. ఫాలో కర్వ్ టిక్ పెట్టొద్దు, చూపు సంగతి వేరే చూసుకుంటాం.

13వ ఫ్రేముకు వెళ్ళి ఆఫ్‌సెట్ 0 పెట్టి, స్లైడర్ మీద మౌస్ ఉంచి 'ఐ' కొట్టండి. 276లో 1 పెట్టి మళ్ళీ 'ఐ'. ఒకటో ఫ్రేము నుంచే ఎందుకు కాదంటే, ముందూ వెనకా అర సెకను చొప్పున కెమెరా నిలబడి ఉంటే ఎడిటింగ్‌లో కట్ చేసుకోవడానికి చోటు ఉంటుంది.

6. చూపు కోసం ఎంప్టీ పెట్టండి

షిఫ్ట్ ఏ, ఎంప్టీ, ప్లెయిన్ యాక్సిస్. ఎంప్టీ అంటే రెండర్‌లో కనిపించని ఉత్త గుర్తు. కెమెరాకు ట్రాక్ టు కన్‌స్ట్రెయింట్ ఇచ్చి ఈ ఎంప్టీని టార్గెట్ చేయండి. ట్రాక్ యాక్సిస్ మైనస్ జెడ్, అప్ వై అని ఉండాలి. వరసలో ఫాలో పాత్ పైన, ట్రాక్ టు కింద ఉండాలి. ఇక కెమెరాను చేత్తో తిప్పే అవసరమే లేదు. ఎంప్టీ ఎక్కడుంటే కెమెరా అటు చూస్తుంది.

ఇప్పుడు లెన్స్ లెక్క. కెమెరా పక్కకు తిరిగేటప్పుడు ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి కనీసం 7 సెకన్లు పట్టాలని 24 ఫ్రేముల సినిమా కెమెరాలకు ఒక మోటు లెక్క ఉంది. అంతకన్నా వేగంగా తిప్పితే గోడ అంచులు, కిటికీ చట్రాలు టకటకా గెంతినట్టు కనిపిస్తాయి. బ్లెండర్‌లో సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. 20 లెన్స్‌తో అడ్డంగా సుమారు 84 డిగ్రీలు పడుతుంది. మన షాట్‌లో కుడివైపు మలుపు 90 డిగ్రీలు, అంటే ఇంచుమించు ఒక తెర వెడల్పు. దానికి 7 సెకన్లు, అంటే 168 ఫ్రేములు ఇవ్వాలి. అదే మలుపు 50 లెన్స్‌తో చేస్తే తెరలో పట్టేది 40 డిగ్రీలే కాబట్టి 16 సెకన్లు కావాలి. చాలామంది 50లో 2 సెకన్లకే తిప్పేసి, కెమెరా మీద కోప్పడతారు.

కాబట్టి ఎంప్టీకి 72వ ఫ్రేములో ఎదుటి గోడ మీద టీవీ యూనిట్ దగ్గర ఒక లొకేషన్ కీ, 240లో బాల్కనీ అవతల ఒక కీ. రెండే.

ఇంకో సంగతి. మీరు ఎవరింటికైనా వెళ్ళినప్పుడు గమనించండి: ముందు కళ్ళు తిరుగుతాయి, తర్వాత తల, ఆ తర్వాతే కాళ్ళు. కెమెరా కూడా అంతే. దారిలో మలుపు మొదలయ్యే ఫ్రేముకు ఓ 15, 20 ఫ్రేముల ముందే ఎంప్టీ కదలడం మొదలవ్వాలి. రెండూ ఒకేసారి తిరిగితే కెమెరా పట్టాల మీద బండిలా ఉంటుంది. చూపు వెనకబడితే గోడను చూస్తూ నడిచే మనిషిలా ఉంటుంది.

జాగ్రత్త: ఎంప్టీ ఎప్పుడూ కెమెరాకు కనీసం రెండు మూడు మీటర్ల దూరంలో, దాదాపు అదే ఎత్తులో ఉండాలి. దగ్గరికి వచ్చిందంటే దాని చిన్న కదలిక కూడా కెమెరాకు పెద్ద తిప్పు అవుతుంది. కెమెరా నెత్తి మీదకో కాళ్ళ కిందకో వచ్చిందంటే ఒక్క ఫ్రేములో కెమెరా గిర్రున తిరిగిపోతుంది.

7. వేగాన్ని గ్రాఫ్ ఎడిటర్‌లో దిద్దండి

అసలు పని ఇక్కడే, తొందరపడొద్దు.

కెమెరాను ఎంచుకుని గ్రాఫ్ ఎడిటర్ తెరవండి. హోమ్ కొడితే గీత మొత్తం కనపడుతుంది. ఆఫ్‌సెట్ ఫ్యాక్టర్ గీత పడుకున్న 'ఎస్' ఆకారంలో ఉంటుంది. గీత ఎంత నిటారుగా ఉంటే అంత వేగం, ఎంత పడుకుంటే అంత నెమ్మది. దీనికి మించి థియరీ అక్కర్లేదు.

నిదానంగా మొదలై నిదానంగా ఆగుతోంది కదా, బాగానే ఉంది అనుకుంటారు. కానీ బ్లెండర్ తనంతట తాను ఇచ్చే ఆ గీతలో నడిమి వేగం సగటు కంటే ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. మన సగటు సెకనుకు 73 సెంటీమీటర్లు. నడిమధ్యలో అది 1.2 మీటర్లకు చేరుతుంది, మామూలు నడకంత. సరిగ్గా అక్కడే మన మలుపు కూడా ఉంది. "మధ్యలో ఎందుకో లాగేస్తోంది" అనే ఫిర్యాదుకు కారణం ఇదే. చాలామంది అక్కడ ఇంకో కీ కొడతారు, జబ్బు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

కీ కొట్టకండి. హ్యాండిల్స్ పొట్టి చేయండి. మొదటి కీ కుడి హ్యాండిల్‌ని ఎంచుకుని, జీ, ఎక్స్ కొట్టి, కీ వైపు లాగి 30 ఫ్రేముల పొడవుకు తీసుకురండి. అడ్డంగానే ఉండాలి, పైకీ కిందికీ జరక్కూడదు. చివరి కీ ఎడమ హ్యాండిల్‌ని 50 ఫ్రేముల దగ్గర ఉంచండి. నడుమ భాగం ఇంచుమించు తిన్నటి గీత అవుతుంది. బయల్దేరడం కంటే ఆగడం కొంచెం నిదానంగా ఉంటే కంటికి హాయి.

ఎలా ఉండాలో తెలియాలంటే అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, కమ్మీ పట్టుకోకుండా నిలబడి చూడండి. రైలు బయల్దేరింది కాళ్ళకు తెలుస్తుంది, తర్వాత ఒకే వేగం, స్టేషన్ ముందు నుంచే మెల్లమెల్లగా తగ్గుతుంది. మీ గీత అలా ఉండాలి. స్టాపులో సడన్ బ్రేకు వేసే సిటీ బస్సులా ఉండకూడదు.

ఎంప్టీ గీతల్ని కూడా ఒకసారి చూడండి. దానికి హ్యాండిల్స్ పొడవుగానే ఉంచండి. చూపు మెత్తగా మొదలై మెత్తగా ఆగాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*ప్రతి పది ఫ్రేములకూ ఒక కీ.* పైన నా కథ చదివారు. కీలకూ కీలకూ మధ్య దూరం ఒకేలా లేకపోతే వేగం గుటకలు గుటకలుగా మారుతుంది. దిద్దడానికి చూడకండి, తీసేసి రెండు కీలతో మొదలుపెట్టండి. పని అలాగే త్వరగా అవుతుంది.

*మధ్య కీలకు ఈజ్ ఇన్, ఈజ్ అవుట్ (నిదానంగా మొదలై నిదానంగా ఆగేలా చేసే) ప్రీసెట్లు.* ప్రతి కీ దగ్గరా కెమెరా ఆగి మళ్ళీ బయల్దేరుతుంది. సాఫీగా రావాలని పెట్టిందే సాఫీతనాన్ని చెడగొడుతుంది.

*చేత్తో తిప్పిన రొటేషన్ కీలు.* కొన్నిసార్లు 179 డిగ్రీల నుంచి మైనస్ 179కి దూకి, కెమెరా ఒక పూర్తి చుట్టు తిరిగేస్తుంది. తిప్పక తప్పలేదంటే, గ్రాఫ్ ఎడిటర్‌లో రొటేషన్ గీతలు ఎంచుకుని ఎఫ్3 కొట్టి ఆయిలర్ అని వెతకండి. డిస్‌కంటిన్యుటీ ఫిల్టర్ వస్తుంది, అది సరిచేస్తుంది. ట్రాక్ టు వాడితే ఈ గొడవే లేదు.

*సహజంగా ఉండాలని షేక్ కలపడం.* నడకలా ఊగాలని కొందరు క్లయింట్లు అడుగుతారు. కెమెరాకు కాకుండా ఎంప్టీ గీతకు నాయిస్ మాడిఫయర్ పెట్టండి. స్కేల్ 40 దగ్గర, స్ట్రెంత్ 0.02 దగ్గర మొదలుపెట్టి చూడండి. అంతకన్నా పెంచితే భూకంపం. నన్నడిగితే ఇల్లు అమ్మే వీడియోకి షేక్ అసలు వద్దు.

చుట్టూ తిరిగే షాట్ అయితే

దారి అక్కర్లేదు. నడిమధ్యన ఒక ఎంప్టీ పెట్టి, కెమెరాను దానికి పేరెంట్ చేసి (ఎంప్టీ తిరిగితే కెమెరా కూడా తిరిగేలా కట్టి), ఎంప్టీని జెడ్ మీద తిప్పండి. రెండే కీలు, గీత లీనియర్ (తిన్నగా). లూప్ కావాలంటే 360 డిగ్రీల కీని 240లో కాదు, 241లో పెట్టి, రెండర్ 240తో ఆపండి. లేకపోతే మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకటే అయి, చుట్టు పూర్తయిన ప్రతిసారీ కెమెరా ఒక్క క్షణం తడబడుతుంది.

చార్మినార్ మోడల్ మీద ప్రాక్టీస్ చేసేవాళ్ళకు ఒక చిట్కా. కింద నుంచి చూస్తే అది నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి, ఖాళీ నేల మీద, అన్ని వైపులా సమానమైన లైటింగ్‌తో 90 డిగ్రీలు తిప్పి లూప్ చేసినా పూర్తి చుట్టులా కనిపిస్తుంది. రెండర్ టైమ్ నాలుగో వంతు. పక్కన మక్కా మసీదో లాడ్ బజారో పెట్టారంటే ఈ ట్రిక్ చెల్లదు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

వ్యూపోర్ట్‌లో (మీరు పనిచేసే త్రీడీ కిటికీలో) ప్లే చేసి తీర్పు చెప్పకండి. సీన్ బరువుగా ఉంటే పైన ఎడమ మూల ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అంకె ఎర్రగా మారుతుంది. అంటే ల్యాప్‌టాప్ అందుకోలేకపోతోంది, మీ కెమెరా తప్పు కాదు. లేని జర్కును దిద్దుకుంటూ ఒక పూట పోగొట్టుకున్నవాణ్ణి, అందుకే చెబుతున్నాను. సాలిడ్ షేడింగ్‌లో పెట్టి, వ్యూ మెనూలో వ్యూపోర్ట్ రెండర్ యానిమేషన్ కొట్టండి. అవుట్‌పుట్‌లో ఫైల్ ఫార్మాట్ వీడియోగా పెట్టి ఉంటే రెండు మూడు నిమిషాల్లో వీడియో వస్తుంది. దాన్ని ఫుల్ స్క్రీన్‌లో, తర్వాత ఫోన్‌లో చూడండి. బిల్డర్ చూసేది ఫోన్‌లోనే.

తర్వాత ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్‌లో మోషన్ పాత్స్ కింద క్యాల్కులేట్ కొట్టండి. కెమెరా దారంతా చుక్కలు పడతాయి, ఫ్రేముకు ఒకటి. మొదట దగ్గర దగ్గరగా, నడుమ ఒకే ఎడంతో, చివర మళ్ళీ దగ్గరగా ఉండాలి. పైనుంచి చూస్తే ముగ్గు చుక్కల్లా వరస కనపడాలి. మధ్యలో ఎక్కడైనా చుక్కలు గుమిగూడితే అక్కడ కెమెరా తటపటాయిస్తోంది, ఆ ఫ్రేముల్లో గీత పడుకుని ఉంటుంది, వెళ్ళి చూడండి.

చివరి పరీక్ష: షాట్‌ని ఇంట్లో త్రీడీ తెలియని ఎవరికైనా చూపించి, హాల్లో ఏమేం ఉన్నాయో అడగండి. మా అమ్మ సోఫా రంగు చెబితే షాట్ పాసైనట్టు. "ఏదో తిరిగింది నాన్నా" అందంటే మళ్ళీ 7వ స్టెప్పుకే.

8. రెండర్

రెండర్ ప్రాపర్టీస్‌లో మోషన్ బ్లర్ ఆన్ చేయండి. షట్టర్ 0.5 ఉంటుంది, అలాగే ఉంచండి. మలుపు దగ్గర అంచులు గెంతడం దీంతో కొంత తగ్గుతుంది. అయితే తప్పు వేగాన్ని బ్లర్ కప్పిపెట్టదు, అందుకే చివర్లో చెబుతున్నాను.

నేరుగా వీడియో ఫైలుగా రెండర్ చేయొద్దు, పీఎన్‌జీ ఫ్రేములుగా (విడివిడి బొమ్మలుగా) చేయండి. ఎండాకాలం రాత్రి 200వ ఫ్రేము దగ్గర కరెంటు పోతే వీడియో ఫైలు మొత్తం పోతుంది, పీఎన్‌జీలు మాత్రం 199 మిగులుతాయి. అవుట్‌పుట్‌లో ఓవర్‌రైట్ టిక్ తీసేసి మళ్ళీ రెండర్ కొడితే ఉన్నవాటిని వదిలి మిగతావి చేసుకుంటుంది. కరెంటు పోయినప్పుడు సగంలో ఉన్న చివరి ఫ్రేము పాడై ఉండొచ్చు, దాన్నొక్కదాన్ని ముందే డిలీట్ చేయండి.

కెమెరా, కర్వ్, ఎంప్టీ మూడింటినీ ఒక కలెక్షన్‌లో పెట్టి విడి ఫైలుగా దాచుకోండి. తర్వాతి ఫ్లాట్ వచ్చినప్పుడు దాన్ని అపెండ్ చేసి (కొత్త ఫైల్లోకి తెచ్చుకుని), దారిలో మూడు పాయింట్లు, ఎంప్టీ రెండు కీలు జరిపితే పావుగంటలో కెమెరా సిద్ధం. గ్రాఫ్ గీతను ముట్టుకునే పని ఉండదు, దారి పొడవు మారితే చివరి కీని మాత్రం ముందుకో వెనక్కో జరపాలి.

మాయా వాడేవాళ్ళు మోషన్ పాత్, కెమెరా అండ్ ఎయిమ్ కలిపి ఇదే చేయొచ్చు. అన్‌రియల్‌లో కెమెరా రిగ్ రైల్ ఉంది, అందులోనూ దారి మీది స్థానం 0 నుంచి 1 వరకే. అక్కడా కీలు రెండే పెట్టండి.